ఆఫర్ లెటర్ చేతికొచ్చింది, ఉండాలా వెళ్లాలా?

ఈ ఉగాదికి అనంతపురంలో మా ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాను. తిన్న ఓళిగలు అరగకముందే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న ముగ్గురు పిల్లలు విడివిడిగా వచ్చి ఒకే ప్రశ్న వేశారు. ఆఫర్ వచ్చింది, కంపెనీ మారాలా వద్దా అని. ముగ్గురికీ మూడు రకాలుగా చెప్పాను. జీతం రెట్టింపు అవుతున్నవాడిని ఆగమన్నాను. జీతం తగ్గుతున్నవాడిని రేపే రాజీనామా పెట్టమన్నాను. మిగిలిన అమ్మాయికి జవాబే చెప్పలేదు, కొన్ని ప్రశ్నలు రాసిచ్చి పంపాను. వంటింట్లోంచి అంతా విన్న మా అమ్మ, "నీ సలహా విన్నవాళ్లు బాగుపడినట్టే" అంది. ఆమెకు అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ముగ్గురి సంగతి. మొదటివాడు కర్నూలులోని మా పిన్ని కొడుకు. హైదరాబాద్‌లో ఒక పెద్ద సర్వీసు కంపెనీలో (వేరే సంస్థలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేది) చేరి 16 నెలలైంది. ఏడాదికి 3.6 లక్షల ప్యాకేజీ. ఒక విదేశీ బీమా సంస్థ వాడే పాత అప్లికేషన్‌కు సపోర్టు పని. టికెట్, అంటే వాడేవాళ్ల ఫిర్యాదు, వస్తే చూడాలి, తనవల్ల కాకపోతే పై టీముకు పంపాలి. నెలలో రెండు వారాలు రాత్రి షిఫ్టు. మరో సర్వీసు కంపెనీ 7 లక్షలు ఇస్తానంది, పని మాత్రం అదే.

రెండో ఆమె మా వీధి చివరింటి అమ్మాయి. ఇక్కడి జేఎన్‌టీయూలోనే కంప్యూటర్ సైన్స్ చదివింది. బెంగళూరులో నలభై మంది ఉన్న చిన్న ప్రోడక్ట్ కంపెనీలో (సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మేది) రెండేళ్లు నిండాయి. ఇప్పుడు 9 లక్షలు. ఒక విదేశీ బ్యాంకు బెంగళూరులో నడుపుతున్న సొంత టెక్నాలజీ కేంద్రం 14 లక్షలకు రమ్మంటోంది.

మూడోవాడు కడప అబ్బాయి, మా చెల్లెలి మరిది. ఇంటి నుంచే ఒక స్టార్టప్‌కు పనిచేస్తున్నాడు. 6 లక్షలు. పని బాగుంది, పైవాళ్లు మంచివాళ్లు, జీతమే సమయానికి రావడం లేదు. జనవరి జీతం ఫిబ్రవరి 12న వచ్చింది. ఫిబ్రవరి జీతం పండుగ నాటికీ రాలేదు. చెన్నైలో ఒక పెద్ద కంపెనీ 4.8 లక్షలిస్తానంది. "అన్నా, తగ్గి వెళ్తే చులకన అవుతానేమో" అన్నాడు.

దేన్ని దేనితో పోల్చాలి

ఆఫర్ రాగానే అందరం ఒక తప్పు చేస్తాం. ఇప్పటి కంపెనీలోని సోమవారం ఉదయాన్ని, కొత్త కంపెనీ హెచ్‌ఆర్ చెప్పిన తీపి మాటలతో పోలుస్తాం. పాత కంపెనీ లోపాలన్నీ కళ్లారా చూశాం. కొత్తదాని లోపాలు చేరాకే తెలుస్తాయి. ఈ పోటీలో పాత కంపెనీ ఎప్పుడూ ఓడిపోతుంది.

నేను చెప్పే పద్ధతి వేరు. ఈ రెండు కంపెనీలనూ పక్కన పెట్టి, రెండేళ్ల తర్వాత మీరు ఇంటర్వ్యూకు వెళ్లబోయే మూడో కంపెనీని ఊహించుకోండి. అక్కడ కూర్చున్న మనిషి "గత రెండేళ్లలో మీరు చేసిన పని చెప్పండి" అంటాడు. ఉంటే ఏం చెబుతారు? వెళ్తే ఏం చెబుతారు? ఏది చెబుతున్నప్పుడు మీ గొంతు తడబడదో ఆలోచించండి. మొదటి నాలుగైదేళ్లలో ఇంజనీరు సంపాదన అసలు పెరిగేది ఆ మూడో కంపెనీలోనే. ఇప్పుడు చేతిలో ఉన్న ఆఫర్ దానికి మెట్టు అవుతుందో గోతి అవుతుందో చూడాలి.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. మొదటి ఉద్యోగంలో 14 నెలలకే జీతం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుందని ఎగిరి గంతేసి మారాను. కొత్తచోట నాకిచ్చిన పని, రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబులు ఆగిపోతే మళ్లీ నడిపించడం. ఆగకపోతే పనే లేదు. మొదటి ఏడాది హాయిగా అనిపించింది, రెండో ఏడాది అలవాటైంది. మూడో ఏడాది ఒక ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి ఎంతో మర్యాదగా, "మీరు స్వయంగా రాసిన ప్రోగ్రామ్ ఏదైనా ఒకటి చెప్పండి" అన్నాడు. కాలేజీలో చేసిన ప్రాజెక్టు గురించి చెప్పాను. అప్పటికి నా అనుభవం నాలుగేళ్లు! ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం తేలికయ్యేది. అక్కడి నుంచి బయటపడటానికి నాకు ఏడాదిన్నర పట్టింది, అదీ జీతం పెంచకుండానే వేరే కంపెనీలో చేరి.

7 లక్షలంటే నెలకు ఎంత

పని గురించి ఎంత మాట్లాడినా ఇంట్లో అడిగేది "నెలకెంత?" అనే. అడగాల్సిందే. మన జిల్లాల్లో చాలామందికి మొదటి జీతం ఒక్కరిది కాదు. బోరు వేసిన అప్పు ఉంటుంది, చెల్లెలి ఫీజు ఉంటుంది, బ్యాంకులో చదువు రుణం ఉంటుంది. అందుకని లెక్క సరిగ్గా వేద్దాం. ప్యాకేజీని పన్నెండుతో భాగించి సంబరపడేవాళ్లను చాలామందిని చూశాను.

పిన్ని కొడుకు ఆఫర్ లెటర్ తీసి చూశాను. 7,00,000లో 70,000 'వేరియబుల్'. అది కంపెనీ లాభాన్నీ మేనేజరు ఇచ్చే రేటింగ్‌నూ బట్టి వస్తే వస్తుంది. కంపెనీ తరఫు పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ పేరుతో సుమారు 16,800 (మూలవేతనం సగం కాబట్టి దానిలో 4.81 శాతం). ఇన్సూరెన్సుకు 10,000. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 5,81,600. నెలకు 48,467. అందులోంచి ఉద్యోగి తరఫు పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది దాదాపు 46,500. పన్నెండుతో భాగించినప్పుడు కనబడ్డ 58,333 ఎక్కడా లేదు. ఇప్పుడు 3.6 లక్షలకు అతని చేతికొస్తున్నది 25,000. అంటే నిజమైన తేడా నెలకు 21,500. చిన్న మొత్తమని అనను. మోసపోకుండా చూసుకోవాలి, అంతే.

గ్రాట్యుటీ విషయం విడిగా చెప్పాలి. శాశ్వత ఉద్యోగికి అది మామూలుగా ఐదేళ్లు నిండితేనే వస్తుంది. రెండేళ్లకో మూడేళ్లకో మారేవాడికి ప్యాకేజీలో కనిపించే ఆ అంకె అద్దంలో చూపించిన ఓళిగ లాంటిది. 'జాయినింగ్ బోనస్' మరో వల. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవండి.

ఆదాయపు పన్ను దగ్గర ఒక చిక్కు ఉంది. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో జీతం 12.75 లక్షల వరకు ఉంటే పన్ను పడదు. ఏడాది మధ్యలో మారినప్పుడు పాత కంపెనీ తన వాటాను మాత్రమే చూసి పన్ను లేదనుకుంటుంది, కొత్త కంపెనీ తన వాటాను చూసి అలాగే అనుకుంటుంది. రెండూ కలిపితే గీత దాటుతుంది. జూలైలో రిటర్ను వేసేటప్పుడు ఒక్కసారిగా పన్ను, దాని మీద వడ్డీ కట్టాల్సి వస్తుంది. చేరిన వెంటనే పాత కంపెనీలో వచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త కంపెనీకి ఇచ్చేస్తే ఈ తలనొప్పి ఉండదు. 14 లక్షలకు వెళ్లే అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పాను.

పిన్ని కొడుకును ఎందుకు ఆగమన్నాను

21,500 తేడా ఉన్నా ఎందుకు ఆగమన్నాను? ఇంటి మీద వడ్డీ అప్పు ఉందా అని మొదట అడిగాను. లేదన్నాడు. ఉండి ఉంటే, అదీ నూటికి రెండో మూడో రూపాయల వడ్డీ అప్పైతే, వెంటనే వెళ్లమనేవాడిని. ఆ అప్పు తీర్చడం కంటే మంచి పెట్టుబడి ఎవరి దగ్గరా లేదు.

అప్పు లేదు కాబట్టి మూడో కంపెనీ కళ్లతో చూద్దామన్నాను. ఇప్పుడు మారితే మరో రెండేళ్లు టికెట్లు, రాత్రి షిఫ్టులు. అప్పటికి దాదాపు మూడున్నరేళ్ల సపోర్టు అనుభవం. సపోర్టు తక్కువ పని అని నా ఉద్దేశం కాదు. అందులోనే లోతుకు వెళ్లి సర్వర్లు, క్లౌడ్, ఆటోమేషన్ నేర్చుకుని గొప్పగా స్థిరపడినవాళ్లు ఉన్నారు. అతని పనిలో మాత్రం ఆ లోతు లేదు. టికెట్ తీసుకోవడం, పంపడం, అంతే. మూడున్నరేళ్ల తర్వాత డెవలపర్ ఉద్యోగానికి వెళ్తే ఫ్రెషర్లతో కలిపి కూర్చోబెడతారు, జీతం మాత్రం ఫ్రెషర్‌కు ఇవ్వలేనంత ఉంటుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే అదే.

ఆగమంటే ఊరికే కూర్చోమని కాదు. మా నాన్న వేరుశనగ మానేసి చీనీ తోట పెట్టినప్పుడు, అది కాపుకు రావడానికి ఐదేళ్లు పడుతుందని అందరికీ తెలుసు. ఆ ఐదేళ్లూ ఆయన చెట్ల వంక చూస్తూ కూర్చోలేదు. సాళ్ల మధ్య కళింగర వేశాడు. మా తమ్ముడికీ అదే చెప్పాను. మొదటి పని, ఉన్న కంపెనీలోనే ప్రాజెక్టు మారడానికి ప్రయత్నించడం. పెద్ద కంపెనీల్లో ఖాళీల జాబితా లోపలి పోర్టల్‌లో ఉంటుంది. 18 నెలలు నిండితే దరఖాస్తు చేసుకోనిస్తారని అతనే చెప్పాడు, కానీ ఒక్కసారీ తెరిచి చూడలేదట. చాలామంది బయటి ఆఫర్ కోసం ఊరంతా తిరుగుతారు, లోపలి తలుపు తట్టరు. రెండో పని, రోజుకు గంటన్నర చొప్పున నాలుగు నెలలు ఒక భాష, ఒక డేటాబేస్, పదిమంది వాడగలిగే చిన్న అప్లికేషన్ ఒకటి. అప్పుడూ 7 లక్షల ఆఫర్ వస్తుంది. దానికి టికెట్లు ఉండవు.

నాలుగు రకాల కంపెనీలు

ఇంజనీరింగ్ అయిన కొత్తలో మన పిల్లల ముందుండే దారులు దాదాపు నాలుగు.

పెద్ద సర్వీసు కంపెనీలో శిక్షణ ఉంటుంది, జీతం ఒకటో తేదీకి పడుతుంది, పేరు చెబితే పెళ్లి సంబంధం వాళ్లు తలూపుతారు. మీకు ఏ ప్రాజెక్టు వస్తుందన్నది మాత్రం లాటరీ. బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా, ఆరు నెలలు కూర్చున్నవాళ్లూ, మొదటి నెలలోనే అద్భుతమైన టీములో పడినవాళ్లూ ఒకే కాలేజీ బ్యాచ్‌లో కనిపిస్తారు. 'పెద్ద కంపెనీ అంటే గవర్నమెంటు ఉద్యోగం లాంటిది' అనే మాట ఇక మానేయాలి. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయిలవాళ్లే కాబట్టి ఫ్రెషర్ రేపే భయపడనక్కర్లేదు. కానీ పదేళ్ల తర్వాత తాను ఆ మధ్య స్థాయిలోనే ఉంటానని గుర్తుపెట్టుకోవాలి.

'ఆన్‌సైట్ పంపుతారు', అంటే విదేశంలోని క్లయింటు దగ్గరికి పంపుతారు, అని సర్వీసు కంపెనీలో ఆగిపోయేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ ఆశ ఇప్పుడు పలచబడింది. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అంత ఖర్చు పెట్టి రెండేళ్ల అనుభవం ఉన్నవాడిని ఎవరు పంపుతారు? సంస్థ తన ఉద్యోగినే అమెరికా శాఖకు పంపే ఎల్-1 వీసా వేరు. దానికి అదే సంస్థలో అమెరికా బయట గత మూడేళ్లలో కనీసం ఒక ఏడాది నిరంతరంగా పనిచేసి ఉండాలి. మీ మేనేజరు ఎల్-1 గురించి గట్టిగా మాట ఇస్తుంటే, ఏడాది నిండబోతుంటే, ఆగడానికి అదొక కారణమే. మాట ఎంత గట్టిదో మీరే తేల్చుకోవాలి.

ప్రోడక్ట్ కంపెనీలో రాసిన కోడ్‌ను నలుగురు చదివి తప్పులు పడతారు. మొదటి మూడేళ్లలో ఇంతకు మించిన జీతం లేదని నా నమ్మకం. మీ కోడ్‌ను మీకంటే తెలిసినవాళ్లు ఎవరూ చదవని చోట, ప్యాకేజీ ఎంతైనా, మీరు నష్టపోతున్నట్టే.

విదేశీ కంపెనీలు ఇక్కడ నడుపుకునే సొంత కేంద్రాలను జీసీసీలు అంటున్నారు. వీటిలో జీతం బాగుంటుంది, పని గంటలూ ఎక్కువచోట్ల మనుషులకు తగ్గట్టే ఉంటాయి. చూడాల్సింది ఒకటే. అసలు నిర్ణయాలు ఇక్కడ జరుగుతాయా, లేక అక్కడ నిర్ణయించి ఇక్కడ చేయిస్తారా? ఒకే భవనంలో ఐదో అంతస్తులో మొదటి రకం టీము, ఆరో అంతస్తులో రెండో రకం టీము ఉంటుంది. కంపెనీ పేరు చూసి కాదు, టీమును చూసి తేల్చుకోవాలి.

స్టార్టప్‌లో రెండేళ్ల పని ఆరు నెలల్లో నేర్చుకుంటారు. షేర్లు ఇస్తామంటారు. మామూలుగా అవి నాలుగేళ్లలో విడతలుగా చేతికొస్తాయి, మొదటి ఏడాది నిండకముందు మానేస్తే సున్నా. వాటిని జీతంలో కలిపి లెక్కపెట్టకండి. వస్తే పండుగ.

అమ్మానాన్నల ఇన్సూరెన్సు

అందరికంటే ఎక్కువసేపు కడప అబ్బాయితో మాట్లాడాను, జీతం గురించి కాదు. వాళ్ల నాన్నకు మధుమేహం, గుండెకు స్టెంటు వేసి రెండేళ్లైంది. స్టార్టప్ ఇచ్చిన ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులు లేరు. చెన్నై కంపెనీ బీమాలో ఉన్నారు. ఆ ఒక్క వాక్యం అతను చదవలేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఎవరు చదువుతారు?

కంపెనీ ఇచ్చే బృంద బీమాలో తల్లిదండ్రులను చేర్చుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు కూడా చాలావరకు మొదటి రోజునుంచే రక్షణ ఉంటుంది. అదే మీరు విడిగా పాలసీ కొంటే, పాత జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. అంతకుముందు అది నాలుగేళ్లు ఉండేది, 2024లో బీమా నియంత్రణ సంస్థ తగ్గించింది. అరవై దాటిన, మధుమేహం ఉన్న తండ్రికి విడిగా పాలసీ దొరకడమే కష్టం, దొరికినా ప్రీమియం చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ లెక్కన 4.8 లక్షల ఆఫర్‌కు కనీసం మరో నలభై యాభై వేలు కలిపి చూడాలి. కర్నూలు పెద్దాసుపత్రి దాటి హైదరాబాద్‌కో, కడప నుంచి వేలూరుకో రోగిని తీసుకెళ్లిన ఇంట్లో ఎవరినైనా అడగండి, ఆ విలువ ఇంకా పెద్ద అంకెలో చెబుతారు.

మారేటప్పుడు మరో సందు ఉంటుంది. పాత కంపెనీ బీమా చివరి పనిదినంతో ఆగిపోతుంది. కొత్తది చేరిన రోజున మొదలవుతుంది. కొన్ని కంపెనీలు తల్లిదండ్రుల పేర్లు చేర్చడానికి చేరిన తర్వాత నెల గడువే ఇస్తాయి, అది దాటితే మళ్లీ ఏడాది తర్వాతే. మధ్యలో పది రోజులు సెలవు తీసుకుని తిరుమల వెళ్లి వద్దామనుకుంటే వెళ్లండి, కానీ ఆ పది రోజులు ఇంట్లో ఎవరికీ బీమా లేదని తెలిసి వెళ్లండి. నేనైతే శుక్రవారం మానేసి సోమవారం చేరమంటాను.

కడప అబ్బాయిని వెంటనే వెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించాను. జీతంలోంచి నెలనెలా 1,800 కోశారు. నవంబరు తర్వాత ఖాతాలో ఒక్క రూపాయీ పడలేదు. పీఎఫ్ డబ్బు తర్వాతి నెల 15వ తేదీలోగా జమ చేయాలి. జీతం ఆలస్యమైతే ఉద్యోగి అడుగుతాడు, పీఎఫ్ ఆలస్యమైతే ఎవరూ చూడరు. అందుకే చేతిలో డబ్బు అయిపోతున్న కంపెనీ ముందు ఆపేది పీఎఫ్‌నే. మీరు చిన్న కంపెనీలో ఉంటే నెలకోసారి ఆ పాస్‌బుక్ చూడండి. యజమాని ఎంత మంచివాడైనా చూడండి.

చులకన అవుతానేమో అన్నాడు కదా. 6 లక్షలు కాగితం మీద, 4.8 లక్షలు బ్యాంకులో. మూడో కంపెనీ ఇంటర్వ్యూలో "స్టార్టప్ మూతపడేలా ఉంది, అందుకే వచ్చేశాను" అంటే ఎవరూ తప్పుపట్టరు. స్టార్టప్‌లో అతను చేసిన పని చెప్పుకోవడానికి బోలెడంత ఉంది.

ఏ ఊళ్లో ఉద్యోగం

ఈ విషయంలో మన మూడు ఊళ్ల లెక్కలు మూడు రకాలు. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్ దాదాపు ఒకే దూరం, రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, రెండూ 44వ జాతీయ రహదారి మీదే. శుక్రవారం సాయంత్రం బయలుదేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండవచ్చు. 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ కర్నూలులోనూ అనంతపురంలోనూ ఆగుతోంది. కడపవాళ్లకు ఆ సుఖం లేదు. బెంగళూరైనా చెన్నై అయినా రెండు వందల యాభై కిలోమీటర్ల దరిదాపు, హైదరాబాద్ ఇంకా దూరం.

ఇంట్లో ఉండి పనిచేసేవాడికి 5 లక్షలు, బెంగళూరులో హాస్టల్ అద్దె, భోజనం, రవాణా భరించేవాడికి 7 లక్షలు ఇంచుమించు ఒకటే మిగులు. కానీ మొదటి రెండేళ్లు ఇంటి నుంచే పని అంటే నాకు అనుమానం. పక్క సీటువాడు పెద్ద తప్పును ఎలా పట్టుకుంటాడో, మేనేజరు క్లయింటుతో గొడవను ఎలా చల్లారుస్తాడో వీడియో కాల్‌లో కనిపించదు. ఐదేళ్లు దాటాక అనంతపురం వచ్చి ఉగ్గాని బజ్జి తింటూ పనిచేసుకోండి, నేనూ అదే చేస్తున్నాను.

ఎన్నాళ్లకు మారాలి

మా బంధువుల్లో ఒక పెద్దాయన ఈ చర్చ వచ్చినప్పుడల్లా సత్య నాదెళ్లను తెస్తాడు. వాళ్ల పూర్వీకుల ఊరు మన జిల్లాలోని బుక్కాపురం కాబట్టి హక్కుగా తెస్తాడు. "చూడు, ఒకే కంపెనీలో ఉన్నాడు, చేరిన 22 ఏళ్లకు సీఈఓ అయ్యాడు. మీరేమో రెండేళ్లకోసారి దూకుతారు" అంటాడు. నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరింది సన్ మైక్రోసిస్టమ్స్ వదిలిపెట్టి. ఆయనా తొలినాళ్లలోనే ఒకసారి మారాడు. మారి, సరైన చోటు దొరికాక ఆగాడు. పెద్దాయనకు ఈ మాట చెబితే కాఫీ తాగడం మొదలుపెడతాడు.

ఏడాది లోపు మారడానికి నా లెక్కలో మూడే కారణాలు: జీతం రాకపోవడం, పని అసలు లేకపోవడం, మనిషిని మనిషిగా చూడకపోవడం. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య మొదటి మార్పుకు మంచి కాలం. అప్పటికి ఒక పనిని మొదలుపెట్టి, పూర్తిచేసి, దాని తప్పులు సరిదిద్దే దాకా ఉండి ఉంటారు. ఆ మూడో దశలోనే అసలు నేర్చుకుంటాం. మరోవైపు, ఫ్రెషర్‌గా చేరిన ప్యాకేజీ అప్రైజల్‌తో బయటి స్థాయిని అందుకోదు. ఏటా ఐదారు శాతం పెంచుతూ పోతే ఎన్నేళ్లకు అందుకుంటుందో మీరే లెక్కవేయండి.

అనుభవం లేకుండా ఉన్నట్టు చూపించే పని మాత్రం చేయవద్దు. కన్సల్టెన్సీలు మూడేళ్ల అనుభవం కాగితాలు తయారుచేసి ఇస్తామంటాయి. మీ పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) కింద మీరు ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటివరకు పనిచేశారో నెలలతో సహా ఉంటుంది, విచారణ చేసేవాళ్లు మొదట చూసేది అదే.

బాండు, నోటీసు

చేరేటప్పుడు కంపెనీ రాయించుకునే బాండు చెల్లదని వాట్సాప్‌లో అందరూ అంటారు. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. కానీ ఇన్నేళ్లు ఉండాలి, లేదంటే ఇంత కట్టాలి అనే షరతు వేరు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేసిన ఉద్యోగి 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. అది ప్రభుత్వరంగ బ్యాంకు కేసు, ప్రతి ప్రైవేటు బాండుకూ అలాగే వర్తిస్తుందని చెప్పలేం. అయినా సంతకం పెట్టేముందు ఆ మొత్తం కట్టగలరా అని ఆలోచించుకోండి. అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామనే కంపెనీ అయితే ఆలోచించాల్సిన పని కూడా లేదు, లేచి వచ్చేయండి.

నోటీసు పీరియడ్ పెద్ద కంపెనీల్లో చాలాచోట్ల 90 రోజులు. కొత్త కంపెనీ 30 రోజుల్లో రమ్మంటుంది. మిగిలిన రోజుల జీతం కట్టి బయటపడవచ్చా, ఆ డబ్బు కొత్త కంపెనీ ఇస్తుందా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఫోన్లో చెప్పిన ఆఫర్‌ను నమ్మి రాజీనామా పెట్టకండి. మెయిల్ వచ్చి, అందులో చేరే తేదీ, జీతం విభజన ఉన్నాకే పెట్టండి. రాజీనామా పెట్టాక మేనేజరు పిలిచి జీతం పెంచుతాం ఉండమంటే, నిన్నటిదాకా ఎందుకు పెంచలేదని మనసులోనే అనుకుని, పైకి నవ్వి, వచ్చేయండి. ఆ డబ్బుతో ఆగినవాళ్లు కూడా ఏడాది తిరగకుండానే వెళ్లిపోవడం నేను చాలాసార్లు చూశాను.

వచ్చేటప్పుడు రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, జీతంలో కోసిన పన్నుకు సర్టిఫికెట్ (ఫారం 16) తెచ్చుకోండి. పీఎఫ్ డబ్బు తీసుకోకండి, కొత్త ఖాతాకు బదిలీ చేసుకోండి. బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కలుస్తుంది, ఐదేళ్లు నిండాక తీసుకుంటే పన్ను ఉండదు. పాత కంపెనీ మీరు మానేసిన తేదీని నమోదు చేయకపోతే బదిలీ ఆగిపోతుంది. రెండు నెలలు గడిచాక ఆ తేదీని మీరే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు.

ఆ అమ్మాయికి ఇచ్చిన ప్రశ్నలు

బ్యాంకు తరఫున తనను ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌నే అడగమని నాలుగు రాసిచ్చాను. నేను చేరబోయే టీములో ఎంతమంది, వాళ్లలో ఎక్కువ కాలం నుంచి ఉన్నది ఎవరు? మొదటి ఆరు నెలల్లో నేను చేసే పని ఏమిటి? ఏం తయారుచేయాలో ఎవరు నిర్ణయిస్తారు, వాళ్లు బెంగళూరులో ఉంటారా? ఈ ఖాళీ ఎందుకు వచ్చింది?

ఆఫర్ చేతిలో ఉన్నప్పుడు ఇలా అడగడం అమర్యాద కాదు. అడిగినందుకు కోపం తెచ్చుకునే మేనేజరైతే ఆ సంగతి చేరకముందే తెలియడం అదృష్టం. ఆమె అడిగింది. మొదటి మూడింటికీ మంచి జవాబులే వచ్చాయి. నాలుగోదానికి ఆయన కొంచెంసేపు ఆగి, ఇంతకుముందున్న ఇద్దరూ ఏడాది లోపే మానేశారని చెప్పాడట. ఎందుకు మానేశారో ఆ ఇద్దరినే అడిగి తెలుసుకుంది. ఇద్దరికీ విదేశాల్లో సీట్లు వచ్చాయట, పై చదువులకు. మే నెలలో చేరింది.

కడప అబ్బాయి ఇప్పుడు చెన్నైలో ఉన్నాడు. ఆగిపోయిన పీఎఫ్ గురించి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాడు. పిన్ని కొడుకు మొన్న మెసేజ్ పెట్టాడు. లోపలి పోర్టల్ ద్వారా వేరే ప్రాజెక్టుకు మార్చారట, జావా పని, పగటి షిఫ్టు. జీతం అంతే. "అన్నా, ఇప్పుడైనా బయట వెతుక్కోవచ్చా?" అని అడిగాడు. దసరా అయ్యాక మొదలుపెట్టమన్నాను.